సర్వీసింగ్‌కిచ్చిన పాత వాచీ పోతే: అపోహలు – వాస్తవాలు

"చీటీ ఉంది కదా, వాచీ ఎక్కడికెళ్తాది?" విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళంలోనైనా రిపేరు కౌంటరు ముందు మళ్ళీ మళ్ళీ వినపడే మాట. ఆ చీటీ ఒక్కసారి చదవండి. "హెచ్‌ఎంటీ 1, సర్వీసింగ్." అంతే. నాన్నగారి పెళ్ళినాటి జనతా మోడలు అని అందులో ఎక్కడుంది? మనుషులు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే.

పాత వాచీ దొంగతనంగా పోవడం కంటే బల్లమీద తారుమారవడమే ఎక్కువ. నంబరు చీటీ బెల్టుకి కడతారు. పని మొదలెట్టాలంటే ముందు ఊడదీసేది బెల్టే. ఆ తర్వాత మెషిన్ ఒక డిబ్బాలో, కేసు ఇంకోదాంట్లో, డయలూ ముళ్ళూ వేరే మూత కింద. హెచ్‌ఎంటీ జనతాలోనూ, పైలట్ మోడలులోనూ ఉండేది 0231 నంబరు కీ మెషినే కాబట్టి ఒకదానిది ఇంకోదానిలో కూర్చుంటుంది.

అందుకే బెల్టు మీరే తీసి ఇంట్లో ఉంచుకోండి. చీటీని కేసున్న డిబ్బాలో వెయ్యమనండి. మీ ఎదుటే వెనక మూత తీయించి డయల్, మూతమీది నంబరు, మెషిన్, క్రౌన్ (పక్కన కీ తిప్పే పిడి) విడివిడిగా ఫొటోలు తీసుకోండి. మోడలు, డయల్ రంగు, మూత నంబరు, నడుస్తోందా ఆగిందా, గీతలెక్కడున్నాయి, ఇద్దరూ ఒప్పుకున్న విలువ ఎంత, ఇవన్నీ చీటీమీద రాయించి సంతకం పెట్టించండి. విసుక్కునే షాపులో ఆ వాచీ ఇవ్వకండి.

"బాధ్యత లేదని చీటీ వెనకాల అచ్చేశారు కదా!" ఆ ఒక్క లైనుతో వ్యవహారం ముగిసిపోదు. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం, అప్పగించిన వస్తువును, మామూలు వివేకమున్న మనిషి అలాంటి సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి. "విశాఖ పంపాం, అక్కడ పోయింది" అన్నా మీరు ఇచ్చింది ఈ షాపుకే, అడగాల్సిందీ ఈ షాపునే.

పోయిందన్న మాట వినగానే గుండె జారిపోతుంది, నిజమే. ఆ కంగారులో కొత్త వాచీ తీసుకుని అసలు చీటీ తిరిగిచ్చెయ్యకండి, "పూర్తిగా సెటిలైంది" అన్న కాగితంమీద సంతకం పెట్టకండి. ముందు మూత నంబరుతో డిబ్బాలన్నీ వెతికించండి. ఈమధ్య డెలివరీ అయిన హెచ్‌ఎంటీల వాళ్ళకి ఫోన్లు చేయించండి. దొరక్కపోతే చీటీ నంబరు, తేదీ, వివరాలు, విలువ రాసి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. దొంగలెత్తుకెళ్ళారంటే ఎఫ్‌ఐఆర్ కాపీ అడగండి.

"కోర్టుకెళ్తే వాచీకంటే ఖర్చెక్కువ" అన్నదీ పుకారే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇంత చిన్న సర్వీసు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్ళు.