నల్లి పిల్లకు ఐదు జ్వరాలు

కర్నూలులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అబ్బాయి అడిగాడు: "మంచం పట్టె సందులో తెల్లటి చిన్న పురుగులు దొరికాయి సార్. నల్లులైతే ఎర్రగా ఉండాలి కదా, ఇవి వేరే పురుగులా?"

నల్లి పిల్లలే. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ఎండుగడ్డి రంగు, అద్దంలాంటి చర్మం. భూతద్దం కింద పెడితే తలకు రెండు పక్కలా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, అవే కళ్లు. ఒకసారి నెత్తురు తాగిందా, ఇక ఆ రంగు ఉండదు. చర్మం పలచన కాబట్టి పొట్టలోని నెత్తురంతా పైకే కనిపిస్తుంది. బల్లపరుపు ఒళ్లు పొడుగ్గా సాగి, ఉబ్బి, ఎర్రగా మెరుస్తుంది. నెత్తురు అరిగేకొద్దీ ముదురు గోధుమరంగుకు, నలుపుకు తిరుగుతుంది. ఒకే పిల్లను ఈ మూడు పూటల్లో చూసినవాళ్లు మూడు రకాల పురుగులనుకోవడంలో వింతేమీ లేదు.

మన బడి పాఠాల్లో కీటకం అంటే సీతాకోకచిలుకే. గొంగళి, ప్యూపా అని బొమ్మ గీయించి వదిలేస్తారు. నల్లికి ప్యూపా దశ లేదు. పుట్టినప్పటి నుంచీ తల్లి రూపమే. పెరగాలంటే పాత చర్మం విడవాలి, అంతే. దీన్ని అనంతపురం వైపు పట్టుపురుగులు మేపే రైతులకు వేరే చెప్పక్కర్లేదు. పురుగు మేత మాని, కదలకుండా ఉండి చర్మం మార్చుకోవడాన్ని వాళ్లు 'జ్వరం' అంటారు. పట్టుపురుగుకు నాలుగు జ్వరాలు, ఆ తర్వాత గూడు. నల్లి పిల్లకు ఐదు, ఐదోది లేచిందంటే పెద్ద నల్లే. తేడా మేతలో ఉంది. పట్టుపురుగు ఆకు రాత్రీపగలూ నములుతూనే ఉండాలి. నల్లి పిల్లకు ఒక్కో జ్వరానికి ఒక్కసారి కడుపునిండా నెత్తురు చాలు. అది దొరక్కపోతే మాత్రం నెలలు గడిచినా ఆ దశ దాటదు.

మరి కడుపు నిండిందని ఒంటికి ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. నల్లికి బంధువైన రోడ్నియస్ అనే దక్షిణ అమెరికా నెత్తురు పురుగు మీద బ్రిటిష్ శాస్త్రవేత్త విన్సెంట్ విగిల్స్‌వర్త్ 1930లలో దీన్ని తేల్చాడు. కొంచెం కొంచెంగా ఎన్నిసార్లు తాగించినా పురుగు చర్మం విడవలేదు. ఒక్కసారే పొట్ట బాగా సాగాలి. ఆ సాగుడు కబురు నరాల వెంట మెదడుకు చేరితే అక్కడి నుంచి హార్మోన్ విడుదలవుతుంది, దాంతో ఛాతీలోని గ్రంథి చర్మం మార్పించే హార్మోన్ ఎక్డైసోన్‌ను వదులుతుంది, కొత్త చర్మం తయారవడం మొదలవుతుంది. మధ్యలో నరాన్ని కోసేస్తే, పొట్ట నిండా నెత్తురున్నా జ్వరం రాదు. ఇక తల వెనకున్న మరో చిన్న గ్రంథి జువెనైల్ హార్మోన్ ఇస్తున్నంతకాలం, చర్మం మారినా పిల్ల పిల్లగానే ఉంటుంది. ఐదో దశలో అది ఆగిపోతుంది. అప్పుడే పెద్దదవుతుంది. అదే నెత్తురు, అదే సాగుడు, ఒక్క హార్మోన్ లేకపోవడంతో ఫలితమే మారిపోతుంది!

నల్లులు చెమటలోంచి పుడతాయన్న నమ్మకం మన దగ్గర చాలా పాతది. జీవులను గుడ్డులోంచి పుట్టే అండజాలు, చెమటలోంచి పుట్టే స్వేదజాలు అని విడదీసిన పెద్దలు నల్లిని చెమట లెక్కలోనే వేశారు. గుడ్డు ఒక మిల్లీమీటరు, సందులో అతుక్కుని ఉంటుంది, కాబట్టి కంటికి ఆనలేదు. ఆ నమ్మకం వల్ల కూడా కావచ్చు, ఇప్పటికీ నల్లులున్న ఇంటివాళ్లను మురికివాళ్లని చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం. నల్లికి కావలసింది నెత్తురు, దాక్కోవడానికి సందు. ఊరి నుంచి తెచ్చుకున్న పరుపుచుట్టలో, బ్యాగు కుట్టులో అది ఎంత శుభ్రమైన గదికైనా వచ్చేస్తుంది.

హాస్టల్ అబ్బాయి ఆ సందుల్లో పురుగులతో పాటు విడిచిన చర్మాలను కూడా వెతకాలి. పొట్టులా, నల్లి ఆకారంలోనే ఉంటాయి. చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటే పిల్లలు అక్కడే జ్వరాలు దాటుతున్నాయన్నమాట. మంచం ఎండలో వేస్తే సందు లోపలికి వేడి సరిగా చేరదు. ఇనుప మంచమైతే సలసల కాగిన నీళ్లు సందుల్లోకి దిగేలా పోయాలి. గుడ్లు ఆరు నుంచి పది రోజుల్లో పగులుతాయి కాబట్టి, పది రోజుల తర్వాత మళ్లీ పోయాలి. పక్క మంచాలకు కూడా అదే రోజు పోయాలి.