అద్దంలో బొంగరం: చియెన్-షియుంగ్ వు ప్రయోగం గురించి పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

ఒక బొంగరం తిప్పి, దాని పక్కన అద్దం నిలబెట్టి చూడండి. పైనుంచి చూసినప్పుడు మీ బొంగరం ఎడమకు తిరుగుతుంటే, అద్దంలోది కుడికి తిరుగుతూ కనిపిస్తుంది. అందులో వింతేమీ లేదు. తాడు రెండో వైపు నుంచి చుట్టి విసిరితే మీ బొంగరమూ అలాగే కుడికి తిరుగుతుంది. అద్దంలో కనబడిన ఏ ఆటనైనా బయట కూడా ఆడి చూపించవచ్చన్నమాట. ప్రకృతి అంతటికీ ఈ మాట చెల్లుతుందని 1956 దాకా భౌతిక శాస్త్రవేత్తలు నమ్మారు. దాన్ని ప్యారిటీ నియమం అంటారు. పరమాణు కేంద్రకం దగ్గర ఆ నియమం చెల్లదని ప్రయోగం చేసి చూపించినావిడ చియెన్-షియుంగ్ వు. ఆవిడ పేరు చెప్పి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. ఆ పని ఎలా చేశారో, ఎక్కడెక్కడ చెడిందో మీకు తెలియాలని నా కోరిక.

ఆవిడ 1912 మే 31న చైనాలో, షాంఘైకి దగ్గరలో ఉన్న ల్యూహె అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఆడపిల్లలను చదివించడం అరుదైన ఆ రోజుల్లో వాళ్ళ నాన్నగారు వాళ్ళకోసం బడి పెట్టారు. ఆవిడ తొలి చదువు ఆ బడిలోనే. 1934లో నాన్‌జింగ్‌లో డిగ్రీ పూర్తి చేసి, 1936లో ఓడెక్కి అమెరికా వెళ్ళారు. బర్క్‌లీలో 1940లో డాక్టరేటు వచ్చింది. 1944 నుంచి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు.

ఆవిడ పనితనం తెలియాలంటే ముందు సబ్బు కథ వినాలి. కొన్ని కేంద్రకాలు తమంతట తామే ఒక ఎలక్ట్రాన్‌ను బయటకు విసిరి వేరే మూలకంగా మారిపోతాయి. అదే బీటా క్షయం. ఆ ఎలక్ట్రాన్లలో ఎన్ని ఎంత వేగంతో రావాలో 1934లో ఫెర్మి అనే భౌతిక శాస్త్రవేత్త ఒక సిద్ధాంతంలో లెక్కగట్టాడు. ప్రయోగాల్లో మాత్రం నెమ్మదిగా వచ్చేవి లెక్కకు మించి కనిపించేవి. సిద్ధాంతమే తప్పేమోనని చాలామంది అనుమానించారు. వు అనుమానం రేడియోధార్మిక పదార్థాన్ని పూసిన పూత మీదికి పోయింది. పూత ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటే, మందంగా ఉన్నచోట అడుగు నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్ పైకి వచ్చేలోగా దారిలో గుద్దుకుంటూ శక్తి పోగొట్టుకుంటుంది. అప్పుడు అది పుట్టుకతోనే నెమ్మదైనదని పొరబడతాం.

నూనె జిడ్డున్న పళ్ళెం మీద నీళ్ళు చల్లితే బొట్లు బొట్లుగా నిలుస్తాయి కదా! ఆ బొట్లు ఆరితే మరకలు కూడా అలాగే ముద్దముద్దగా మిగులుతాయి. అదే నీళ్ళలో కాస్త సబ్బు కలిపితే పళ్ళెమంతా పరుచుకుంటాయి. ఆవిడ చేసింది అదే. రేడియోధార్మిక రాగి ఉన్న కాపర్ సల్ఫేట్ ద్రావణంలో కొద్దిగా డిటర్జెంట్ కలిపి, అంతటా ఒకే మందంలో పలచటి పొర వచ్చేట్టు ఆరబెట్టారు. 1949లో ఆ పొరతో తీసిన కొలతలు ఫెర్మి లెక్కతో సరిపోయాయి. పదిహేనేళ్ళ తగాదా తీరడానికి కావలసింది సమంగా ఆరిన పూత.

ఇక 1956. ప్యారిటీ నియమాన్ని బీటా క్షయంలో ఎవరూ పరీక్షించనే లేదని త్సుంగ్-దావో లీ, చెన్-నింగ్ యాంగ్ అనే ఇద్దరు సిద్ధాంతకారులు గమనించారు. లీ కూడా కొలంబియాలోనే ఉండేవాడు. వు, ఆవిడ భర్త ఆ ఏడాది ఓడలో విదేశయాత్రకు టిక్కెట్లు కొనుక్కున్నారు. భర్తను ఒక్కణ్ణే పంపి ఆవిడ పనికి కూర్చున్నారు.

ఆవిడ ఎంచుకున్నది కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక కోబాల్ట్. దాని కేంద్రకం బొంగరంలా తిరుగుతుంది, ఎలక్ట్రాన్‌ను విసురుతుంది. విసిరేది పైకా, కిందికా అన్నదే ప్రశ్న. మామూలు కోబాల్ట్ ముక్కలో కేంద్రకాలు తలో దిక్కుకు తిరుగుతుంటాయి కాబట్టి ఏమీ తెలియదు. వాటన్నిటినీ ఒకే దిక్కుకు నిలబెట్టాలి. మామూలు వేడికి అవి కుదురుగా నిలవవు. అందుకే పరమ శూన్యానికి, అంటే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్‌కు, డిగ్రీలో నూరో వంతు దూరం దాకా చల్లబరచాలి. ఆ వసతి వాషింగ్టన్‌లో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే ప్రభుత్వ ప్రయోగశాలలో ఉంది. అక్కడ అంబ్లర్, హేవర్డ్, హాప్స్, హడ్సన్ అనే నలుగురు ఆవిడతో కలిశారు.

అంత చల్లదనం ద్రవ హీలియంతో ఒక్కసారిగా రాదు. సీరియం మెగ్నీషియం నైట్రేట్ అనే ఉప్పు స్ఫటికాన్ని హీలియంతో పరమ శూన్యానికి ఒక డిగ్రీ దరిదాపులకు తెచ్చి, బలమైన అయస్కాంతం మధ్య ఉంచుతారు. స్ఫటికంలోని చిన్న చిన్న అయస్కాంతాలు వరుసకు వస్తాయి. అప్పుడు పుట్టే వేడిని హీలియం తీసుకుపోతుంది. తర్వాత బయటి వేడి తగలకుండా వేరుచేసి అయస్కాంతం తీసేస్తే, వరుస చెదరడానికి కావలసిన శక్తిని అవి స్ఫటికం నుంచే లాక్కుంటాయి. స్ఫటికం ఇంకా చల్లబడిపోతుంది. వెంటనే చుట్టూ ఒక నిలువు తీగచుట్టను పైకి లేపి, దాని అయస్కాంత క్షేత్రంతో కోబాల్ట్‌ను నిలబెడతారు. ఇదంతా 20 సెకన్లలో అయిపోవాలి. ఆ క్షేత్రం చాలా బలహీనమైనది. అది కోబాల్ట్‌లోని ఎలక్ట్రాన్లను మాత్రమే సర్దుతుంది. కేంద్రకాన్ని నిలబెట్టేది ఆ ఎలక్ట్రాన్ల సొంత క్షేత్రం, అది లక్షల గాస్‌ల (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) లెక్కలో ఉంటుంది. ఈ ఉపాయం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

కోబాల్ట్‌ను స్ఫటికం పైభాగంలో 0.05 మిల్లీమీటర్ల పలచటి పొరగా పెట్టారు. దానికి 2 సెంటీమీటర్ల పైన ఆంత్రసీన్ స్ఫటికం ఉంటుంది. ఎలక్ట్రాన్ తగిలితే అది మెరుస్తుంది. ఆ మెరుపును పట్టే ఫోటోమల్టిప్లయర్ గొట్టం అయస్కాంతం దగ్గర సరిగా పనిచేయదు కాబట్టి, వెలుగును పారదర్శకమైన ప్లాస్టిక్ కడ్డీ గుండా నాలుగడుగుల పైకి తెచ్చారు.

మొదట్లో ఎలక్ట్రాన్ల లెక్కలో తేడా కనిపించినట్టే కనిపించి కొన్ని సెకన్లలో మాయమైపోయింది. పై పొరకు చుట్టుపక్కల నుంచి వేడి తగులుతోందని తేల్చారు. దాని చుట్టూ అదే ఉప్పు స్ఫటికాలతో గూడు కట్టాలి. పెద్ద స్ఫటికాలు ఎక్కడా దొరకవు. కొలంబియాలో వు విద్యార్థులు గాజు పాత్రల్లో పెంచారు. మూడు వారాలకు పది పెద్ద స్ఫటికాలు చేతికొచ్చాయి. రంధ్రం చేస్తే అవి పగిలిపోయేవి. పంటి వైద్యులు వాడే డ్రిల్లుతో, ఒత్తిడి లోపలివైపుకే పడేట్టు తొలిస్తే నిలిచాయి. జిగురుతో అతికిస్తే చలికి జిగురు ఊడిపోయి గూడు కూలింది. చివరికి సన్నటి నైలాన్ దారంతో కట్టారు.

కేంద్రకాలు నిజంగా నిలబడ్డాయని ఎలా తెలుస్తుంది? కోబాల్ట్ ఎలక్ట్రాన్‌తో పాటు గామా కిరణాలనూ పంపుతుంది. పక్కన ఒకటి, పైవైపు ఒకటి గామా లెక్కించే పరికరాలు పెట్టారు. ఒకే దిక్కుకు నిలబడ్డ కేంద్రకాలు గామా కిరణాలను అన్ని వైపులకూ సమంగా పంపవు కాబట్టి, రెండింటి లెక్కల్లో తేడా ఉన్నంతసేపు కేంద్రకాలు నిలబడి ఉన్నట్టు. స్ఫటికం వేడెక్కుతుంటే సుమారు ఆరు నిమిషాల్లో ఆ తేడా పోయేది. సరిగ్గా దానితోపాటే ఎలక్ట్రాన్ల తేడా కూడా పోయేది. క్షేత్రం కిందికి ఉంటే పైన ఎక్కువ ఎలక్ట్రాన్లు, పైకి ఉంటే తక్కువ.

ఇది స్ఫటికంలో మిగిలిన అయస్కాంత ప్రభావమేమో? ఆ అనుమానమూ తీర్చుకున్నారు. కోబాల్ట్ ద్రావణాన్ని పలచటి ప్లాస్టిక్ బిళ్ళ మీద ఆరబెట్టి, అదే గూట్లో అతికించారు. గూడు ఎప్పటిలాగే పనిచేస్తుంది, కోబాల్ట్ మాత్రం తగినంత చల్లబడదు. ఆ పెద్ద తేడా కనిపించలేదు. నన్నడిగితే ప్రయోగం మొత్తంలో అన్నిటికన్నా గొప్ప భాగం ఈ బిళ్ళే.

ఇప్పుడు మళ్ళీ అద్దం దగ్గరికి రండి. పైనుంచి చూస్తే ఎడమకు తిరిగే కోబాల్ట్ కేంద్రకం ఎలక్ట్రాన్లను ఎక్కువగా కిందికి విసురుతుంది. అద్దంలో అది కుడికి తిరుగుతుంది, ఎలక్ట్రాన్లు మాత్రం కిందికే పోతాయి. నిజమైన కేంద్రకాన్ని తలకిందులు చేస్తే అదీ కుడికి తిరుగుతుంది, కానీ ఎలక్ట్రాన్లను పైకి విసురుతుంది. అద్దంలోని ఆట బయట ఆడేది కాదు!

1957 ఫిబ్రవరిలో వ్యాసం అచ్చయింది. ఈ ఫలితం సంగతి విన్న గార్విన్, లెడర్‌మన్, వైన్రిక్ అనే శాస్త్రవేత్తలు జనవరిలోనే మ్యూయాన్లనే, ఎలక్ట్రాన్ లాంటివే కానీ బరువైన కణాలతో పరీక్షించి ఔననే తేల్చారు. ఆ ఏడాదే లీ, యాంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. వుకు రాలేదు. అది అన్యాయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. 1978లో భౌతిక శాస్త్రానికి తొలి వుల్ఫ్ బహుమతి ఆవిడకే ఇచ్చారు.

ఆవిడ మాత్రం మళ్ళీ ఎలక్ట్రాన్ల వేగాల లెక్కల దగ్గరికే వెళ్ళారు. 1963లో బోరాన్-12, నైట్రోజన్-12 అనే రెండు కేంద్రకాల బీటా క్షయంలో వచ్చే కణాలను పక్కపక్కన కొలిచి, సిద్ధాంతం ప్రకారం వాటి మధ్య ఉండాల్సిన అతి చిన్న తేడా ఉందని చూపించారు.

ఇట్లు,
మీ తాతయ్య