కార్డు లేకపోతే పట్టుకుపోతారా?

పిల్లలూ,

సెకండ్ షో చూసి వస్తుంటే పోలీసులు ఆపి ఆధార్ అడిగారనీ, లేదంటే "స్టేషన్‌కి పద" అన్నారనీ మా మనవడి ఫ్రెండు మొన్న టెన్షన్‌గా చెప్పాడు. కార్డు లేకపోతే నిజంగా లోపల వేస్తారా తాతయ్యా అని వీళ్లంతా నా చుట్టూ చేరారు. కోర్టులో వకీలుగా పనిచేసినవాణ్ని కదా, నోటితో చెప్పి ఊరుకోవడం కంటే మీ అందరికీ రాసి పెడితే మంచిదనిపించింది.

మన దేశంలో పౌరులు గుర్తింపు కార్డు జేబులో పెట్టుకునే బయటికి రావాలనే చట్టం ఏదీ లేదు. ఆధార్ లేకుండా రోడ్డు మీద నడవడం నేరం కాదు. బండి నడిపేవాళ్ల సంగతి వేరు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే డ్రైవింగ్ లైసెన్సు చూపించాల్సిందే. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. అమెరికా వెళ్లిన మీ అన్నలకూ అక్కలకూ రూలు మరోలా ఉంటుంది. అక్కడ పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. ఇక్కడి ధీమాతో అక్కడ ఖాళీ చేతులతో తిరగొద్దు.

మరి మన పోలీసులకు అధికారం ఎంతవరకు? అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో 39వ సెక్షన్ చూడండి. అంతకుముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో ఇదే 42వ సెక్షన్. వారంట్ లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేని చిన్న నేరాలు కొన్ని ఉంటాయి. అలాంటి నేరం పోలీసు కళ్లెదుట చేసినవాడో, చేశాడని ఆరోపణ ఉన్నవాడో పేరూ ఊరూ అడిగితే చెప్పకపోయినా, అబద్ధం చెబుతున్నాడని నమ్మడానికి కారణం కనిపించినా, ఆ వివరాలు తేల్చుకోవడానికి అరెస్టు చేయవచ్చు. నిజమైన పేరు, చిరునామా తెలియగానే బాండు రాయించుకుని వదిలేయాలి. ఇరవై నాలుగు గంటల్లో తేలకపోతే మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి.

ఈ సెక్షన్‌లో కార్డు మాటే లేదు. చట్టం అడిగేది పేరూ ఊరూ. వాటిని మీ అమ్మకు ఫోన్ చేసి తేల్చుకోవచ్చు, హాస్టల్ వార్డెన్‌ని అడిగి తేల్చుకోవచ్చు. ఇంకో సంగతి, దీనికి ముందు ఒక నేరమో, ఆరోపణో ఉండాలి. ఊరికే నడిచిపోతున్న మనిషిని ఆపి, కార్డు లేదు కాబట్టి పద అనడానికి ఈ సెక్షన్ సరిపోదు. పెద్ద నేరం చేశాడని సహేతుకమైన అనుమానం ఉంటే అరెస్టుకు వేరే సెక్షన్లు ఉన్నాయి. అప్పుడు జేబులో పది కార్డులున్నా అరెస్టు ఆగదు.

కొత్త చట్టంలో నాకు గుబులు పుట్టించేది 172వ సెక్షన్. నేరాలు జరగకుండా చూసే పనిలో పోలీసు ఇచ్చే న్యాయబద్ధమైన ఆదేశాన్ని పాటించకపోతే మనిషిని నిలిపి ఉంచవచ్చు. చిన్న విషయమైతే ఇరవై నాలుగు గంటల్లోపు వీలైనంత త్వరగా వదిలేయాలి. ఆదేశం న్యాయబద్ధమా కాదా అని అర్ధరాత్రి రోడ్డు మీద తేల్చేదెవరు? అక్కడ లాఠీ ఉన్నవాడి మాటే చెల్లుతుంది. అందుకే రోడ్డు మీద వాదన పెంచుకోకండి, పరుగెత్తకండి. పేరు సరిగ్గా చెప్పండి. సరదాకి కూడా దొంగపేరు చెప్పొద్దు. ఆ తర్వాత "ఎందుకు ఆపారు సార్?" అని మర్యాదగా అడగండి.

ఇలా అడిగే ధైర్యం అందరికీ ఉండదు. తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ అంటూ బస్తీ సందులు రెండు వైపులా మూసేసి, నిద్రమొహాలతో తలుపు తీసినవాళ్లను ఆధార్ చూపించమంటారు. ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికొచ్చిన కూలీ కార్డు ఊళ్లో ట్రంకుపెట్టెలో ఉండిపోతుంది. వాడి పేదరికమే వాడి మీద అనుమానం అవుతుంది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు తనను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారంటూ ఒక పౌరుడు ఆ తర్వాత తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. అడగడమంటే అదీ.

కాగితం లేనివాణ్ని అనుమానించే ఈ అలవాటు వేళ్లు మన నేలలోనే ఉన్నాయి. బ్రిటిష్ వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టి ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చారు. సెటిల్మెంట్లలో ఉన్నవాళ్లు హాజరు చెప్పుకోవాలి, పొలిమేర దాటాలంటే పాసు ఉండాలి. హద్దు దాటి దొరికితే పోలీసే కాదు, గ్రామాధికారీ, ఊరి కాపలావాడూ వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. కూతురు పురిటికి పుట్టింటికి పోవాలన్నా ముందు దొరగారి చీటీ కావాలి. 1952లో ఆ చట్టం పోయింది కానీ, స్టువర్టుపురం అనగానే జనం మొహాల్లో వచ్చే మార్పు నేను కళ్లారా చూశాను.

ఇక స్టేషన్‌కే తీసుకెళ్లారనుకోండి. అరెస్టు చేసిన అధికారి చొక్కా మీద పేరు స్పష్టంగా కనిపించాలి. అరెస్ట్ మెమో రాయాలి. అందులో తేదీ, టైము ఉండాలి, మీ ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి, మీ సంతకమూ ఉండాలి. టైము గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టే ముందు అడిగి రాయించండి, ఇరవై నాలుగు గంటల లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఈ మెమో తప్పనిసరి చేసింది. అరెస్టు కారణం చెప్పడం, వకీలును కలవనివ్వడం, ప్రయాణ సమయం పోను ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచడం రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చిన హక్కులు. అసాధారణ పరిస్థితి ఉండి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా పోలీసు వస్తే తప్ప, పొద్దుగూకాక, తెల్లారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని మిమ్మల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో పెట్టకూడదు. మీ వయసు ముందే చెప్పండి.

లాయరుకు డబ్బుల్లేకపోతే న్యాయసేవల వాళ్ల ఉచిత నంబరు 15100 ఉంది. ఫోన్ తీసేసుకుంటే అందులోని నంబర్లు మీకు గుర్తుండవు కదా. అమ్మదో నాన్నదో ఒక నంబరు ఈ రాత్రే బట్టీ పట్టండి.

మీ తాతయ్య