కాలువ గట్టు మీద 134

తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలు. రాజోలు దగ్గర మా ఊరి కాలువ గట్టు మీద పరుగెడుతున్నాను. పాలు పోసే ఆయన మోపెడ్ మీద వచ్చి, నా పక్కన స్పీడు తగ్గించి, "ఏమండీ మాస్టారూ, కాలు గానీ పట్టేసిందా? నడుస్తున్నారా, పరుగెడుతున్నారా?" అని అడిగారు. "పరుగేనండీ, మెల్లగా" అన్నాను. "ఆయ్, కానివ్వండి" అని వెళ్లిపోయారు. అప్పుడు వాచీలో ఉన్న అంకె 134. నా వయసు 46. 180లోంచి వయసు తీసేస్తే వచ్చేది అదే. గుండె నిమిషానికి 134 సార్లు మించి కొట్టుకోకుండా పరుగెత్తడం నేను రెండేళ్లుగా పాటిస్తున్న నియమం.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా నిలబడే ఉద్యోగం. వారంలో రెండు రాత్రులు స్టడీ అవర్స్ కూడా ఉంటాయి. ఇంట్లో అమ్మకి షుగర్, నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇలాంటి రోజుల్లో పరుగు మొదలుపెట్టడం కష్టం కాదు, నిలబెట్టుకోవడమే కష్టం. అంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మానేశాను. ఉన్నది అరగంటే కదా, ఆ అరగంటలో ఎంత గట్టిగా పరుగెడితే అంత లాభం అనుకునేవాణ్ని. ఆరో వారానికల్లా పిక్క పట్టేసేది. అంతకన్నా ముందే, మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో బోర్డు ముందు నిలబడి సమీకరణం మధ్యలో ఏం రాస్తున్నానో మరిచిపోయేవాణ్ని. బద్ధకం వల్ల మానేశానని అప్పట్లో అనుకున్నాను. నా పరుగు మిగతా రోజుని తినేస్తోందని, అందుకే నిలవలేదని చాలా తర్వాత అర్థమైంది.

మెల్లగా పరుగెడితే లోపల ఏం జరుగుతుందో చెప్పాలంటే మా కాలువ దగ్గరికే రావాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మధ్య డెల్టా కాలువలోకి వదిలిన నీళ్లు పి.గన్నవరం దగ్గర వైనతేయ అనే గోదావరి పాయ మీద అక్విడక్టులో, అంటే కాలువని మోసే వంతెనలో, దాటి మా వైపు వస్తాయి. పైన ఎంత నీరు వదిలారన్నది సగం లెక్కే. కాలువలోంచి తూము, తూములోంచి పంట బోదె, బోదెలోంచి మడి. బోదె పూడిపోయి ఉంటే పైన ఎన్ని వేల క్యూసెక్కులు వదిలినా శివారు చేను ఎండుతుంది. శివారు రైతుని ఎవర్ని అడిగినా ఈ సంగతి చెబుతాడు.

ఒంట్లో లెక్క కూడా ఇదే. 1870లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని సూత్రంగా పెట్టాడు. శరీరం వాడుకునే ఆక్సిజన్ ఎంతో తెలియాలంటే, గుండె నిమిషానికి పంపే రక్తాన్ని, ఒక్కో లీటరు రక్తంలోంచి శరీరం తీసుకున్న ఆక్సిజన్‌తో గుణించాలి. మొదటిది బ్యారేజీ లెక్క, రెండోది బోదెల లెక్క.  ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుంటే రెండూ తగ్గుతాయి.

ఆ బోదెల పేరు కేశనాళికలు. ఎర్ర రక్తకణం ఒకదాని వెనక ఒకటిగా మాత్రమే దూరగలిగేంత సన్నటి దారులు. కండరానికి పని పడినప్పుడు అవి ఎలా తెరుచుకుంటాయో కనిపెట్టినందుకే డెన్మార్క్‌కి చెందిన ఆగస్ట్ క్రోగ్‌కి 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. వారాల తరబడి, గంటల తరబడి రక్తం ఒరుసుకుంటూ పారితే కండరంలో కొత్త కేశనాళికలు మొలుస్తాయి. మడిలో పైరు లాంటివి మైటోకాండ్రియా. కణంలో ఆక్సిజన్‌ని వాడుకుని శక్తిని తయారుచేసేవి అవే. 1967లో అమెరికాలో జాన్ హోలోజీ ఎలుకల్ని వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వాటి కాలి కండరంలో ఆక్సిజన్‌ని వాడుకునే సామర్థ్యం దాదాపు రెట్టింపు అయిందని చూపించాడు. అప్పటిదాకా వ్యాయామం అంటే గుండె, ఊపిరితిత్తుల కథే అనుకునేవారు. కండరం లోపలే కొత్త యంత్రాలు పుడతాయన్నది పెద్ద మలుపు. నా క్లాసులో ఈ విషయం చెప్పినప్పుడు పిల్లలు కాసేపు కాళ్ల వంక చూసుకుంటారు. నాకు ఆ క్షణం చాలా ఇష్టం.

గుండె కూడా మారుతుంది. విశ్రాంతిలో అది నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం పంపుతుంది. ఒక్కో కొట్టుకి 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 కొట్లు అనుకుంటే 4.9 లీటర్లు. మెల్లటి పరుగు నెలల తరబడి సాగితే రక్తంలో ద్రవం పెరుగుతుంది, గుండె గది నిండుగా నిండుతుంది, ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం వెళుతుంది. అప్పుడు అదే 5 లీటర్లకి తక్కువ కొట్లు చాలు. రెండేళ్ల కిందట పొద్దున్నే మంచం మీద లెక్కపెడితే నాది 72 ఉండేది. ఇప్పుడు 61.

మెల్లగానే ఎందుకు అంటే, ఇంధనం సంగతి ఉంది. మన ఒంట్లో పిండిపదార్థం నిల్వ అరకిలో లోపే. అది వంటింటి డబ్బాలో బియ్యం. కొవ్వు పురిలో దాచిన ధాన్యం, సన్నటి మనిషి ఒంట్లో కూడా కిలోల్లో ఉంటుంది, పైగా గ్రాముకి 9 కేలరీలు ఇస్తుంది, పిండిపదార్థం ఇచ్చేది 4. కొవ్వుని కరిగించాలంటే ఆక్సిజన్ తీరిగ్గా అందాలి. వేగం పెంచిన కొద్దీ శరీరం డబ్బా వైపే చెయ్యి చాపుతుంది. గట్టిగా పరుగెత్తిన రోజున కాలేజీలో నాకు వచ్చిన ఆకలి, నిస్సత్తువ అందులోంచి వచ్చినవే.

పనుల మధ్య పరుగెత్తేవాళ్లకి ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, ఆయన తోటివాళ్లు 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బాగా సాధన చేసిన పరుగువీరుల్ని వేర్వేరు తీవ్రతలతో పరుగెత్తించి, ఆ తర్వాత నాడీవ్యవస్థ ఎంతసేపట్లో మామూలు స్థితికి వస్తుందో కొలిచారు. సులువైన పరుగు గంట చేసినా రెండు గంటలు చేసినా కొద్ది నిమిషాల్లోనే కుదుటపడింది. ఒక హద్దు దాటి గట్టిగా చేసినప్పుడు మాత్రం బాగా ఆలస్యమైంది. ఇది చదివినప్పుడు నాకు ఆ మూడో పీరియడ్ గుర్తొచ్చింది. మెల్లటి పరుగు రోజుని అప్పు అడగదు. పొద్దున 40 నిమిషాలు పరుగెత్తి, స్నానం చేసి, రెండు పెసరట్లు తిని, సాయంత్రం దాకా నిలబడగలుగుతున్నాను.

ఇక ఆ 180 సంగతి. అమెరికాలో ఫిల్ మాఫెటోన్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. ఈత, సైకిల్, పరుగు కలిపిన హవాయి ఐరన్‌మ్యాన్ పోటీని ఆరుసార్లు గెలిచిన మార్క్ అలెన్ ఆయన శిష్యుడు. పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నా, రోజూ మందులు వాడుతున్నా ఇంకో 10 తగ్గించుకోమంటాడు మాఫెటోన్. దెబ్బలు తగులుతున్నా, తరచూ జలుబు చేస్తున్నా 5 తగ్గించమంటాడు. ఇది అనుభవం మీద కట్టిన లెక్క, ప్రకృతి నియమం కాదు. గుండె గరిష్ఠంగా ఎంత వేగంగా కొట్టుకుంటుందో చెప్పడానికి జిమ్ముల్లో గోడలకి అంటించే "220లోంచి వయసు తీసేయండి" కూడా అంతే. ఒకే వయసువాళ్లలో గరిష్ఠ గుండె వేగం పది, పన్నెండు కొట్లు అటూ ఇటూ ఉండటం మామూలే. అందుకని నేను అంకెతో పాటు ఇంకో పరీక్ష పెట్టుకుంటాను. పరుగెడుతూ పదమూడో ఎక్కం పైకి చెబుతాను. పదమూడు ఏళ్లు తొంభై ఒకటి దాకా ఊపిరి తెగకుండా వస్తే సరైన వేగమే. మధ్యలో ఆగి గాలి పీల్చాల్సి వస్తే అంకె ఏం చూపించినా నడుస్తాను.

ఒక హెచ్చరిక. బీపీకి, గుండెకి ఇచ్చే మాత్రల్లో అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి గుండె వేగాన్ని అణిచిపెడతాయి. అవి వాడేవాళ్లకి ఈ లెక్కలేవీ పనికిరావు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ముందు డాక్టర్, తర్వాతే పరుగు.

వాచీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. అది చర్మం మీద ఆకుపచ్చ కాంతి వేసి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి లెక్కకడుతుంది. మొదటి నెలలో నేను ఎంత మెల్లగా వెళ్లినా 160 దగ్గర చూపించి కూర్చునేది. చివరికి ఆగి మెడ దగ్గర వేలు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణిస్తే 132 వచ్చింది. వాచీ నా అడుగుల్ని లెక్కపెడుతోంది, గుండెని కాదు. పట్టీ బిగించి, మణికట్టు ఎముకకి కాస్త పైన కట్టుకుంటే చాలావరకు సర్దుకుంది. ఛాతీకి కట్టే బెల్టు గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కాబట్టి ఇంకా నమ్మకం. ఫిన్లాండ్‌కి చెందిన పోలార్ కంపెనీ అలాంటి వైర్‌లెస్ పరికరాన్ని 1982లోనే తెచ్చింది.

డెల్టాలో ఈ సాధనకి ఒక సుఖం ఉంది, ఒక కష్టం ఉంది. నేలంతా పళ్లెంలా ఉంటుంది. వంతెన ఎక్కుడు తప్ప గుండెని తొందరపెట్టే ఎత్తులేవీ లేవు. కష్టం గాలిలోని తేమ. కండరాలు వాడే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగానే పోతుంది. ఆ వేడిని బయటికి మోసేది చెమట. లీటరు చెమట ఆవిరైతే 580 కిలోకేలరీల దాకా వేడి తీసుకెళుతుంది, కానీ ఆవిరైతేనే. మే నెలలో సముద్రం మీది గాలికి, చుట్టూ ఉన్న చెరువుల తేమకి చెమట ఆరదు, మోచేతి మీంచి బొట్లు బొట్లుగా కారిపోతుంది. కారిన చెమట చల్లబరచదు. అప్పుడు గుండె చర్మానికీ రక్తం పంపాలి, కాళ్లకీ పంపాలి. నీళ్లు సరిపోని దాళ్వాలో, అంటే రెండో పంటలో, వంతులు పెట్టినట్టే. జనవరిలో 134 దగ్గర కిలోమీటరుకి 8 నిమిషాలు పట్టిన నాకు మేలో 9 పడుతుంది. మొదటి ఏడాది నేను దీనికి చాలా బాధపడ్డాను, నాలుగు నెలల కష్టం పోయిందనుకున్నాను. ఏమీ పోలేదు. వానాకాలపు సార్వా నాట్లు అయ్యాక, గాలి చల్లబడ్డాక తిరిగొచ్చింది.

నిద్ర తక్కువైనా ఇంతే. స్టడీ అవర్స్ అయ్యి రాత్రి 11కి పడుకున్న మర్నాడు అదే వేగానికి ఆరేడు కొట్లు ఎక్కువ చూపిస్తుంది. పరీక్షల టెన్షన్, అమ్మ రిపోర్టుల కోసం ఎదురుచూసే వారం, అన్నీ అందులో కనిపిస్తాయి. అందుకే నేను వేగాన్ని కాక గుండె వేగాన్ని పట్టుకున్నాను. అలసిన రోజున 134 అంటే నడక. అదీ సాధనే. ఆ రోజు మానేయను, ఆ రోజు గట్టిగానూ చేయను.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మెల్లటి పరుగుని గెలిపించినవాళ్ల కథలు ఎక్కువగా పరుగుకి చాలా సమయం పెట్టినవాళ్ల కథలు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన కుర్రాళ్లని వారానికి 160 కిలోమీటర్లు పరుగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బెర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు బంగారు పతకాలు తెచ్చారు. సైలర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన "ఎనభై వంతులు సులువు, ఇరవై వంతులు గట్టి" అన్న లెక్క కూడా రోజుకి గంటలకొద్దీ సాధన చేసేవాళ్లని చూసి వేసిందే. వారానికి మూడు, నాలుగు గంటలు మాత్రమే దొరికే మనం దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చుకుంటే కుదరదు.

మనకి పనికొచ్చేది రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు 1980ల తొలి సగంలో మనుషుల మీద చేసిన ప్రయోగాలు. వారానికి 6 రోజులు, రోజుకి 40 నిమిషాలు, 10 వారాల పాటు గట్టిగా సాధన చేయించి, ఆ తర్వాత 15 వారాలు తగ్గించారు. తీవ్రత తగ్గకుండా చూసుకుంటే, రోజులు 6 నుంచి 2కి తగ్గించినా గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం నిలిచింది. రోజుకి 13 నిమిషాలకి తగ్గించినా నిలిచింది, ఎక్కువసేపు సాగే ఓర్పు మాత్రం ఆ 13 నిమిషాల వాళ్లలో తగ్గింది. తీవ్రతనే తగ్గించినప్పుడు సామర్థ్యం పడిపోయింది. దీన్నిబట్టి నేను తీసుకున్న నిర్ణయం ఏమిటంటే, మెల్లటి పరుగుని మతంలా పట్టుకోకూడదు. మొదటి ఆరు నెలలు పూర్తిగా మెల్లగానే చేశాను, ఎందుకంటే పిక్కలకి, మోకాలి కింద కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులకి అలవాటు కావడానికి అంత టైం కావాలి. ఆ తర్వాత వారంలో ఒక రోజు, బాగా నిద్రపోయిన రోజు చూసుకుని, కొబ్బరితోట పక్క తారురోడ్డు మీద మూడేసి నిమిషాలు నాలుగుసార్లు గట్టిగా పరుగెడతాను. మిగతాదంతా 134.

మిగతాది అంటే మంగళ, గురువారాలు పొద్దున 40 నిమిషాలు. శనివారం కుదిరితే. ఆదివారం దిండి వైపు గంటన్నర. పొద్దున కుదరకపోతే సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక 20 నిమిషాలు, వాకిట్లోంచి లాకుల దాకా వెళ్లి రావడం. ఆపేస్తే రక్తంలో పెరిగిన ద్రవం కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది, కాబట్టి 20 నిమిషాలని చిన్నచూపు చూడను. పరీక్షల నెలలో వారానికి మూడుసార్లు మించి కుదరలేదు. అయినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం లాకుల నుంచి వంతెన దాకా వెళ్లి, తిరిగొచ్చి, 5 కిలోమీటర్లు 134 దాటకుండా ఎంతసేపు పట్టిందో నోటుపుస్తకంలో రాస్తాను. పక్కన గాలి, నిద్ర కూడా రాస్తాను. మొట్టమొదటిది 48 నిమిషాలు. ఈ జనవరిది 40. మే నెల వరసలో "45. కరెంటు లేదు, నిద్ర 4 గంటలు. కాలువ కట్టేశారు" అని ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ కొలవాలి. ఈ వారమే నీళ్లు వదిలారు, గట్టు కింద ఎండుటాకుల్ని తోసుకుంటూ వస్తున్నాయి.