నేల దగ్గర చేసిన అప్పు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న మనమంతా కూర్చుని పరుగు పందేలు చూస్తున్నప్పుడు, మీలో అందరికన్నా చిన్నది నా చెయ్యి లాగి, "తాతయ్యా, గీత దాటేశారుగా, గెలిచేశారుగా, ఇంకా ఎందుకు పరిగెత్తుతున్నారు?" అని అడిగింది. పక్కనున్న పెద్దవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వూ రాలేదు, వెంటనే సమాధానమూ రాలేదు. "ఆగలేక, తల్లీ" అని అప్పటికి తప్పించుకున్నాను. ఎందుకు ఆగలేరన్నది ఆ వెంటనే వచ్చిన రెండో ప్రశ్న. దానికి నాలుగు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వేగాన్ని ఒక అప్పు అనుకోండి. పందెం మొదట్లో గీత దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో చిల్లిగవ్వ లేదు, అంటే వేగం సున్నా. కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా తనంతట తాను వేగాన్ని పుట్టించుకోలేడు. నమ్మకపోతే, నూనె ఒలికిన నున్నటి గచ్చు మీద పరిగెత్తబోయినవాణ్ణి ఊహించుకోండి: కాళ్లు గిరగిరా ఆడతాయి, మనిషి ఉన్నచోటే ఉంటాడు, మరుక్షణం పడతాడు. మనకు వేగాన్ని అప్పుగా ఇచ్చేది నేల. మనం పాదంతో దాన్ని వెనక్కి నెడితే, అది అంతే బలంతో మనల్ని ముందుకు నెడుతుంది. ఆ అప్పుకు హామీగా నిలబడేది పాదానికీ నేలకూ మధ్య ఉండే రాపిడి. నూనె గచ్చు మీద హామీ లేదు కాబట్టి అప్పూ పుట్టదు. ఎంత బలంగా నెట్టామన్నదాన్ని ఎంతసేపు నెట్టామన్నదానితో హెచ్చిస్తే వచ్చేదే అప్పు మొత్తం.

ఈ సంగతి పరుగువీరులకు ఏ పాఠమూ చదవకుండానే తెలుసు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్ పందేనికి ముందు చిన్న తాపీతో ట్రాక్‌లో గుంటలు తవ్వుకుని, వాటిలో పాదాలు ఆనించి బయలుదేరాడు. పాదాలు ఆనించడానికి ఇప్పుడు వాడే ఏటవాలు దిమ్మెలను, అంటే స్టార్టింగ్ బ్లాకులను, ఒలింపిక్స్‌లోకి అనుమతించింది 1948లో. గుంట అయినా బ్లాకు అయినా చేసే పని ఒకటే. చదునైన నేల మీద పాదం ఎక్కువగా కిందికే తొక్కుతుంది; వెనకాల ఏటవాలు గోడ ఉంటే నేరుగా వెనక్కి తన్నవచ్చు. కిందికి తొక్కిన బలం మనల్ని పైకి లేపడానికి పోతుంది, వెనక్కి తన్నిన బలమే మనల్ని ముందుకు పంపుతుంది.

2009 ఆగస్టు 16న, అదే బెర్లిన్‌లో, ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తాడు. అందులో మొదటి 20 మీటర్లకు దాదాపు 2.89 సెకన్లు పట్టింది, ఎందుకంటే అప్పు పోగుపడేది అక్కడే. 60 నుంచి 80 మీటర్ల మధ్య అంతే దూరానికి పట్టింది సుమారు 1.61 సెకన్లే. చివరి 20 మీటర్లకు మళ్లీ 1.66 అయింది. గెలుపు గీత దగ్గర అందరూ ఇంకా వేగం పెంచుతున్నట్టు మన కళ్లకు కనిపిస్తుంది కానీ, ప్రపంచంలోకెల్లా వేగవంతుడు కూడా అప్పటికే కొంచెం తగ్గుతున్నాడు. గెలిచేవాడు తక్కినవాళ్లకన్నా తక్కువగా తగ్గినవాడు కావచ్చు. నాకు ఈ సంగతి తెలిసింది చాలా పెద్దవాణ్ణయ్యాకే.

ఇక పాప అడిగిన ప్రశ్నకు వస్తాను. గీత దాటే క్షణానికి అప్పు దాదాపు మొత్తం నెత్తిమీదే ఉంటుంది, దాన్ని తీర్చనిదే ఆగడం కుదరదు. అరవై కిలోల మనిషి సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తున్నాడనుకోండి. ఐదు సెకన్లలో, చిన్న చిన్న వాయిదాల్లో తీర్చుకుంటూ పోతే, ఒంటి మీద పడే బలం సగటున 12 కిలోల మూట బరువంత ఉంటుంది. ఈలోగా అతను మరో 25 మీటర్లు ముందుకు పోతాడు. మీరు చూసిన ఆ అదనపు పరుగు ఇదే. అలా కాదని సెకనులో పదో వంతులో ఆగాలంటే 600 కిలోల బరువంత బలం మీద పడుతుంది. అసలు మొత్తం రెండు చోట్లా ఒకటే, వాయిదాలే వేరు. పైకప్పు కింద జరిగే 60 మీటర్ల పందేలకు చివర అంత జాగా ఉండదు కాబట్టి, అక్కడ గోడకు మందపాటి మెత్తలు ఆనించి పెడతారు. పరుగువీరులు వచ్చి వాటిలో కూరుకుపోతారు.

మా బడిలో మెత్తలు లేవు. నాకు పదేళ్లప్పుడు గెలుపు గీతకు నాలుగు బారల అవతల బడి గోడ ఉండేది, ఆ గీత అక్కడ గీసిన మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి. ఆ రోజు నేనే మొదట వచ్చాను. రెండోవాడు నా పక్కనే వస్తూ, గోడను చూసి పక్కకు తిరిగి, దూరం దూకడానికి పోసిన ఇసుకలో బొక్కబోర్లా పడి నవ్వుతూ లేచాడు. గెలిచిన గర్వంలో నేను గోడను చూడనే లేదు. గోడ వాయిదాలు ఒప్పుకోదు. మూడు వారాలు నా కుడిచెయ్యి మెడకు వేలాడింది, బహుమతిగా వచ్చిన పుస్తకం పుటలు ఎడంచేత్తో తిప్పుకున్నాను. ముందుకు దూకడం నేర్చుకునేవాడు ఆగడానికి చోటు చూసుకోవాలని అప్పుడు మా నాన్న అన్నాడు, నేను వినలేదు, మీరైనా వినండి.

మంచం మీద పడుకుని ఆలోచించినప్పుడు నాకు ఎంతకీ అర్థం కానిది ఆ ఇసుక సంగతి. అదే ఇసుకలో పరిగెత్తమంటే మా కాళ్లు పడేవి కావు, ఎంత తన్నినా అడుగు కింద జారిపోయేది. పిసినారిలా అప్పు ఇవ్వని ఆ ఇసుక, నా స్నేహితుడి దగ్గర మాత్రం ఎంతో దయగా, కొంచెం కొంచెంగా వసూలు చేసుకుంది. ఒత్తిడికి లొంగి జారే ఒక్క గుణమే రెండు పనులూ చేసిందని ఇప్పుడు చెప్పగలను కానీ, ఆ ఆశ్చర్యం మాత్రం పోలేదు.

నా పోలిక ఇప్పటికే చాలా దూరం వచ్చింది. దీనికి ఒక లోపం ఉంది: నేల వడ్డీ అడగదు, తీసుకున్నంతే తిరిగి పుచ్చుకుంటుంది. ఇంకో మాట చెబితే మీరు నమ్మరేమో. మీరు ముందుకు కదిలినప్పుడు, మీరు తన్నిన భూమి నిజంగానే వెనక్కి కదులుతుంది. ఆరు పక్కన 24 సున్నాలు పెడితే వచ్చినన్ని కిలోల భూమి, ఏ పరికరానికీ అందనంత కొద్దిగా! మీరు ఆగగానే ఆ కదలికా తీరిపోతుంది. దీన్ని ఇంతకన్నా వివరించడం నాకు చేతకాదు.

ఈసారి తడి ఇసుక కనిపించినప్పుడు చెప్పులు విప్పి, ముప్పై అడుగులు పరిగెత్తి, మెల్లగా ఆగండి. తర్వాత వెనక్కి నడిచి మీ అడుగుల ముద్రలు చూడండి. మొదటివాటిలో వేళ్ల దగ్గర లోతుగా ఉండి, ఇసుక వెనక్కి చిమ్మి ఉంటుంది. చివరివాటిలో మడమ దిగబడి, ఇసుక ముందుకు తోసుకుని ఉంటుంది. ఒకటి అప్పు తీసుకున్న పద్దు, రెండోది తీర్చిన పద్దు. మధ్యలో, వేగం పెరగకుండా తగ్గకుండా సాగిన చోట, ఒక్కొక్క ముద్రలో ఏమేం కనిపిస్తుందో కూర్చుని దగ్గరగా చూసి, బొమ్మ గీసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య