వేట దుస్తులకు వేల డాలర్లు: ఈ ధర ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో వేట కాలం దగ్గర పడుతోందంటే అక్కడి వేటగాళ్ల మధ్య ఒక పాత వాదన మళ్లీ మొదలవుతుంది. సిట్కా, కుయు, ఫస్ట్ లైట్ వంటి కంపెనీలు అమ్మే పొరల దుస్తులు పెట్టే ఖర్చుకు తగినవేనా? ఒంటికి అంటి ఉండే పలుచని బనియను, దాని మీద వెచ్చదనానికి ఒకటి రెండు పొరలు, అన్నింటి మీద గాలినీ వాననూ ఆపే జాకెట్, వీటికి జతగా ప్యాంట్లు, టోపీ, చేతి తొడుగులు. మంచి వాన జాకెట్ ఒక్కటే నాలుగైదు వందల డాలర్లు పలుకుతుంది. తల నుంచి కాలి దాకా ఒకే కంపెనీవి కొంటే ఖర్చు రెండు వేలు సులువుగా దాటుతుంది. తాతగారి ఉన్ని కోటుతోనే ప్రతి ఏడూ జింకను కొడుతున్నానని ఒకరంటే, కొండ మీద మంచువానలో ఈ జాకెట్టే ప్రాణం నిలిపిందని ఇంకొకరంటారు.

ఇద్దరి మాటా నిజమే. వాళ్లు చేసే వేట వేరు. ఎత్తైన కొండల్లో రోజుల తరబడి నడిచేవారి కోసం పుట్టిన దుస్తులను, ఊరి పక్క అడవిలో కదలకుండా కూర్చునేవారికి కూడా అదే ధరకు అమ్మడం వల్ల ఈ గొడవ వచ్చిందని నా అభిప్రాయం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు పూర్తిగా ఆగిపోయింది కాబట్టి ఇది మనకు దూరపు విషయంలా కనిపించవచ్చు. కానీ హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వెళ్లేవారు, అమెరికా చలి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారు కొనే జాకెట్ల వెనక ఉన్నదీ ఇదే చరిత్ర.

పొరలుగా తొడగడం ఏ కంపెనీ కనిపెట్టిన విద్యా కాదు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు కారిబూ అనే ధ్రువపు జింక చర్మంతో రెండు అంగీలు కుట్టుకునేవారు. లోపలి దాని బొచ్చు ఒంటి వైపు, పైదాని బొచ్చు బయటి వైపు ఉండేది. రెంటి మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని కాపాడేది. పరుగెత్తి చెమట పట్టే పనైతే పై అంగీ తీసేవారు. అలాస్కాను ఆనుకున్న అల్యూషియన్ దీవుల ఉనంగన్ ప్రజలు సముద్ర జంతువుల పేగులను శుభ్రం చేసి, ఆరబెట్టి, పట్టీలుగా కుట్టి వాన చొరని పలుచని పై అంగీలు చేసుకునేవారు. కుట్టు నుంచి నీరు దిగకుండా వాళ్లు పడిన శ్రద్ధను నేటి జాకెట్ల తయారీదారులు అతుకుల మీద టేపు వేయడంలో చూపిస్తున్నారు.

అమెరికాలో స్థిరపడిన తెల్లవారి వేట దుస్తులు చాలాకాలం ఉన్నివే. పెన్సిల్వేనియాలో జాన్ రిచ్ 1830లో మొదలుపెట్టిన వూల్‌రిచ్ మిల్లు నుంచి వచ్చిన ఎరుపు నలుపు గళ్ల ఉన్ని బట్ట అక్కడి జింకల వేటగాళ్లకు యూనిఫాం లాంటిదైంది. 1897లో సియాటిల్‌లో మొదలైన ఫిల్సన్, కెనడాలోని క్లోన్‌డైక్‌లో బంగారం వెతుక్కుంటూ వెళ్లేవారికి దుస్తులు అమ్మింది. 1914లో పేటెంటు పొందిన దాని క్రూయిజర్ కోటుకు ముందు నాలుగు జేబులే కాక, వీపు వెడల్పునా ఒక పెద్ద జేబు ఉంటుంది. అడవిలో చెట్ల కలపను అంచనా వేసేవారు మ్యాపులు పెట్టుకోవడానికి చేసిన ఏర్పాటది. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోకపోవడం ఉన్ని గుణం. తొలకరి వానలో గొంగళి కప్పుకుని గొర్రెల వెంట నడిచే మన కాపరులకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. అయితే ఆ కోటు బరువు. తడిస్తే మరింత బరువు, ఆరడానికి రాత్రంతా నిప్పు పక్కన ఉండాలి. అవీ చౌకగా వచ్చేవి కావు, కానీ తండ్రి నుంచి కొడుక్కి దిగేవి. నేటి ధరలను వాటితో పోల్చేవారు ఈ మన్నికను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పొరల సంగతిని అమెరికా ప్రభుత్వం పట్టించుకున్నది రెండో ప్రపంచ యుద్ధంలో, అదీ పెద్ద మూల్యం చెల్లించాక. 1943 మే నెలలో జపాన్ చేతిలో ఉన్న అట్టు ద్వీపాన్ని తిరిగి పట్టుకోవడానికి 15 వేలకు పైగా సైనికులు దిగారు. 549 మంది చనిపోయారు, 1,148 మంది గాయపడ్డారు. వీరు కాక సుమారు 2,100 మంది జబ్బులతో, యుద్ధంతో సంబంధం లేని దెబ్బలతో పక్కకు తప్పుకోవలసి వచ్చింది. వాళ్లలో ఎక్కువ మందిని దెబ్బతీసింది వాతావరణం, దానికి సరిపోని బట్టలు, నీరు పీల్చిన తోలు బూట్లు. ఇది పేగు అంగీలు కుట్టుకున్న ఆ ఉనంగన్ ప్రజల అల్యూషియన్ దీవుల్లోనే జరిగింది. శతాబ్దాలుగా అక్కడ ఉన్న జ్ఞానం ఆ సైనికులకు అందలేదన్నది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. ఆ కాలంలోనే సైన్యం ఎం-1943 అనే కోటు తెచ్చింది. గాలి చొరని నూలు కోటు పైన, దాని లోపల చలిని బట్టి స్వెటరో, అదనపు కోటో వేసుకునే పద్ధతి. యుద్ధం ముగిశాక మిగిలిన సైనిక దుస్తులు దుకాణాల్లోకి వచ్చాయి. ఒక తరం వేటగాళ్లకు చౌకగా దొరికిన మొదటి పొరల దుస్తులు అవే. ఇప్పటికీ సైన్యాల పాత ఉన్ని ప్యాంట్లు వెతికి కొనే వేటగాళ్లు ఉన్నారు. వాళ్లను చూసి నవ్వాల్సిన పని లేదు.

అసలు మలుపు 1969లో వచ్చింది. డెలావేర్‌లోని గోర్ కంపెనీలో బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ కడ్డీని వేడిచేసి నెమ్మదిగా కాక ఒక్కసారిగా లాగి చూశాడు. అది తెగకుండా సాగి, లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలున్న పొరగా మారింది. 1976లో గోర్‌టెక్స్ పేరుతో ఆ పొర బట్టలకు అతికి మార్కెట్లోకి వచ్చింది. నీటి బొట్టు దూరలేని, ఆవిరి మాత్రం బయటికి పోగల రంధ్రాలవి. అంతకుముందు వరకు రబ్బరు కోటు వేసుకుంటే వానకు తడవకపోయినా సొంత చెమటకు తడిసేవారు. చలిలో చెమట చిన్న విషయం కాదు. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. నూలు బనియను చెమట పీల్చి ఒంటికి అతుక్కుపోయాక, కదలకుండా కూర్చున్న మనిషి వణకడానికి ఎంతోసేపు పట్టదు.

మిగిలిన రెండు పొరలూ ఆ పదేళ్లలోనే వచ్చాయి. నార్వే కంపెనీ హెలీ హాన్సెన్ పాలీప్రొపిలీన్ లోదుస్తులు తెచ్చింది. నీరు పీల్చని దారం కాబట్టి చెమటను ఒంటి మీద నిలవనివ్వదు, కాకపోతే వాసన పట్టేస్తుంది. 1979లో మసాచుసెట్స్‌లోని మాల్డెన్ మిల్స్ పాలిస్టర్ దారంతో ఉన్నిలా మెత్తగా ఉండే ఫ్లీస్ బట్ట నేసింది. ఆ మిల్లు యజమాని ఏరన్ ఫోయర్‌స్టైన్ దానికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా నేయవచ్చు కాబట్టి నేడు ఫ్లీస్ స్వెటర్ ఏ దుకాణంలోనైనా చౌకగా దొరుకుతుంది. గోర్‌టెక్స్ పేటెంటుతో, లైసెన్సులతో సాగింది. జాకెట్ కుట్టే కంపెనీలు కూడా గోర్ షరతులకు ఒప్పుకోవాలి. మధ్య పొర ధరకూ పై జాకెట్ ధరకూ ఇంత తేడా ఉండడానికి ఈ చరిత్ర ఒక కారణం.

అయితే ఇవన్నీ పర్వతారోహకుల కోసం, స్కీయింగ్ చేసేవారి కోసం తయారైనవి. వేటగాళ్ల మార్కెట్ ఆ కాలంలో వేరే దారి పట్టింది. 1980లో వర్జీనియాకు చెందిన జిమ్ క్రమ్లీ ట్రీబార్క్ పేరుతో చెట్టు బెరడు ముద్ర ఉన్న బట్ట తెచ్చాడు. 1986లో బిల్ జోర్డన్ రియల్‌ట్రీ, టాక్సీ హాస్ మాసీ ఓక్ మొదలుపెట్టారు. ఆకులు, కొమ్మలు, నీడలు ఫోటో తీసినట్టు అచ్చు వేసిన దుస్తులు ఊరూరా అమ్ముడుపోయాయి. అచ్చు ఎంత ముద్దుగా ఉన్నా ఆ బట్ట చాలావరకు నూలుదే. పాతికేళ్ల పాటు వేటగాళ్లు బొమ్మను చూసి కొన్నారు, బట్టను చూడలేదు. కొండల్లో వేటాడే కొందరు మాత్రం పర్వతారోహకుల దుకాణాలకు వెళ్లి సాదా రంగుల జాకెట్లు కొనుక్కునేవారు.

ఆ ఖాళీని చూసినవారు కాలిఫోర్నియాకు చెందిన జొనాథన్ హార్ట్, జేసన్ హెయిర్‌స్టన్. 2000ల మధ్యలో వాళ్లు పెట్టిన సిట్కా, పర్వతారోహకుల పొరల పద్ధతిని వేటగాడి అవసరాలకు కుదించింది. బట్ట రాపిడికి చప్పుడు చేయకూడదు, విల్లు లాగే చేయి పట్టేయకూడదు. 2009లో గోర్ కంపెనీయే సిట్కాను కొనేసింది. గోర్ అప్పటికే ఆప్టిఫేడ్ అనే ముద్రను చేయించింది. మనిషి కంటికి చెట్టులా కనిపించడం మానేసి, జంతువు కంటికి మనిషి ఆకారం చెదిరిపోయేలా గీసిన ముద్రది. హెయిర్‌స్టన్ బయటికొచ్చి 2011లో కుయు దుస్తులను దుకాణాలు లేకుండా నేరుగా కొనుగోలుదారుకే అమ్మడం మొదలుపెట్టాడు. ఐడాహోలో పుట్టిన ఫస్ట్ లైట్ మేరినో జాతి గొర్రెల ఉన్నిని మళ్లీ తెచ్చింది. వాసన పట్టని సన్నని ఉన్ని బనియను ముక్కుతో పసిగట్టే జంతువుల వేటలో నిజంగా పనికొస్తుంది. 2019లో దాన్ని మీట్‌ఈటర్ అనే వేట మీడియా సంస్థ కొన్నది. వేట కార్యక్రమాలు చూపించేవారే దుస్తులూ అమ్మే దశ వచ్చేసింది.

ఈ దుస్తులు ఎవరి కోసమో తెలియాలంటే సెప్టెంబరులో కొలరాడో కొండల్లో విల్లుతో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లే మనిషిని ఒక పూట చూడాలి. తెల్లవారుజామున గడ్డకట్టే చలి. వీపున నాలుగు రోజుల తిండి, గుడారం. రెండు గంటలు నిట్టనిలువు ఎక్కుడు. ఫ్లీస్ విప్పి సంచిలో పెట్టినా వీపు తడిసిపోతుంది. పైకి చేరి, బైనాక్యులర్‌తో ఎదుటి లోయను గాలిస్తూ గంటలు కూర్చోవాలి. ఆ తడి బనియను పది నిమిషాల్లో ఆరకపోతే అతని రోజు అక్కడితో అయిపోయినట్టే. మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వడగళ్లు. దిగి కారు చేరాలంటే సగం రోజు పడుతుంది. ఈ మనిషికి మంచి బనియను, ఆరే మధ్య పొర, నమ్మకమైన వాన జాకెట్ విలాసం కావు. అతని విషయంలో డబ్బు వృథా అయిందని నేను అనను.

విస్కాన్సిన్‌లో నవంబరులో తెల్లతోక జింక కోసం మంచె మీద కూర్చునే వ్యక్తి పరిస్థితి వేరు. కారు దిగి కాస్త దూరం నడుస్తాడు, మంచె ఎక్కుతాడు, చీకటి పడేదాకా కదలడు. అతనికి కావలసింది మందం. ఆవిరి పోయే పొరకు ఐదు వందలు పెట్టినా అతని ఒంట్లో పోవలసినంత చెమటే పుట్టదు. లావుపాటి పాత కోటు, ఉన్ని ప్యాంటు, పొడి మేజోళ్లు అతనికి చాలు. పైగా తుపాకీ వేట కాలంలో చాలా రాష్ట్రాల్లో మెరిసే నారింజ రంగు తప్పనిసరి. విస్కాన్సిన్‌లో 1980 నుంచి ఉంది. కొలరాడోలో తుపాకీతో ఎల్క్ వేటకు వెళ్లేవారు కనీసం 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ రంగు బట్ట పైకి కనిపించేలా, తల మీద కూడా వేసుకోవాలి. అంటే వందల డాలర్లు పోసి కొన్న ముద్ర మీద పదిహేను డాలర్ల నారింజ చొక్కా కప్పేయాలి. జింకకు నారింజ రంగు మనకు కనిపించినట్టు కనిపించదని 1990లలో జార్జియా విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన చూపించింది. దానికి బాగా తెలిసేది నీలం, కదలిక. సాదా బూడిద రంగులోనో గోధుమ రంగులోనో అదే నాణ్యత ఉన్న పర్వతారోహకుల జాకెట్ సీజన్ ముగిశాక తక్కువకు దొరికితే, ముద్ర కోసం అదనంగా ఇవ్వడం నాకు సమర్థనీయంగా కనిపించదు.

ఖరీదైన వేట దుస్తులు కొంటే అడవులకు మేలు జరుగుతుందనే మాట కూడా వినిపిస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వేసే పన్నును రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు ఇస్తుంది. పొడవు తుపాకుల మీద అది 11 శాతం. 1970లలో విల్లు, బాణాలు కూడా చేరాయి. దుస్తులు ఎన్నడూ చేరలేదు. బయట తిరిగేవారి సామాన్ల మీద ఇలాంటి పన్ను వేయాలని 1990లలో వచ్చిన ప్రతిపాదన తయారీదారుల వ్యతిరేకతతో ఆగిపోయింది. కాబట్టి తూటాల పెట్టె కొన్నవాడు అడవికి పన్ను కడుతున్నాడు, ఆరు వందల జాకెట్ కొన్నవాడు ఆ కొనుగోలుతో కట్టడం లేదు. దీన్ని మార్చాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు జాకెట్ల రసాయనమే మారుతోంది. పీటీఎఫ్ఈ, పైబట్ట మీద నీటి బొట్లు జారిపోయేందుకు ఇంతకాలం వేసిన పూత, రెండూ ప్రకృతిలో విచ్ఛిన్నం కాని పీఎఫ్ఏఎస్ అనే రసాయనాల కుటుంబానివి. కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టం వీటితో చేసిన కొత్త దుస్తుల అమ్మకాన్ని 2025 జనవరి నుంచి నిషేధించింది. తీవ్రమైన వానకు తట్టుకునే ప్రత్యేక దుస్తులకు మాత్రం 2028 దాకా గడువిచ్చింది. గోర్ 2022లోనే పాలిథిలీన్‌తో చేసిన కొత్త పొరను తెచ్చింది. కొత్త పూతలు నీటిని జారుస్తాయి కానీ నూనెను ఆపలేవు. ఒంటి జిడ్డు, ఎండకు రాసుకునే క్రీము పట్టిన చోట, ముఖ్యంగా సంచి పట్టీ రుద్దే భుజాల మీద, బొట్లు జారడం మానేసి బట్ట నల్లబడి నీరు పీల్చుకుంటుంది. లోపలి పొర వాననైతే ఆపుతుంది, చెమట ఆవిరి మాత్రం బయటికి పోదు. జాకెట్ కారుతోందని చాలామంది అనుకునేది ఈ చెమటనే. పాత జాకెట్ల కంటే కొత్తవాటిని తరచుగా ఉతకాలి, లేబుల్ మీద రాసినట్టు సన్నని వేడిలో ఆరబెట్టాలి, పూత పోయాక మళ్లీ వేయాలి. ఆ పని చేయలేనివారికి ఎంత ఖరీదైన జాకెట్టయినా రెండు మూడు సీజన్లలో మామూలు రెయిన్‌కోటుతో సమానం అవుతుంది.