మాక్‌టెయిల్‌లో లేని మంట

ఈమధ్య కావలిలో ఒక నిశ్చితార్థానికి వెళ్లాం. భోజనాల పక్కనే మాక్‌టెయిల్ కౌంటర్, అంటే మందు కలపని కాక్‌టెయిల్ కౌంటర్ పెట్టారు. నీలం రంగు నీళ్లు, గ్లాసు అంచుకు నిమ్మచెక్క, పైన కాగితం గొడుగు. మా బావమరిది ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఇదేంది బావా, రంగేసిన పంచదార నీళ్లు! ఇందులో ఏదో తక్కువైంది."

ఆయన మందు మానేసి పదేళ్లయింది, కాబట్టి తక్కువైంది మత్తు కాదు. బస్సులో వస్తూ అదే ఆలోచించాను. తక్కువైంది మంట. గొంతులో దిగేటప్పుడు కలిగే ఆ చురుకు.

అసలు మంట అనేది రుచి కాదు. నాలుక బొమ్మ గీయించి, కొసన తీపి, వెనక చేదు అని పిల్లల చేత రాయించి మార్కులు వేసిన టీచర్లలో నేనూ ఒకణ్ణి. ఆ బొమ్మ తప్పు. రుచి మొగ్గలు ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. మంటకు ఆ మొగ్గలతో కూడా పనిలేదు. అది నొప్పిని మోసే నరాల సంగతి.

ఆ నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ ఒంట్లో దేన్ని పట్టుకుంటుందో వెతుకుతూ 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది. 2021లో ఆయనకు వచ్చిన నోబెల్‌లో దీనికి పెద్ద వాటా ఉంది. ఇది నరకణం గోడలో ఒక తలుపు. మామూలుగా మూసే ఉంటుంది. వేడి సుమారు 42 డిగ్రీలు దాటితే తెరుచుకుంటుంది. కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, 'కాలుతోంది' అని మెదడుకు కబురు పోతుంది. పొగలు కక్కే కాఫీ తొందరపడి తాగినప్పుడు జరిగేది ఇదే.

మరి చల్లటి విస్కీ ఎందుకు మండాలి? ఆల్కహాల్ ఆ తలుపు గడియను వదులు చేస్తుంది. 42 దగ్గర తెరుచుకోవాల్సింది 34 దగ్గరే తెరుచుకుంటుంది. మన ఒంటి వేడి 37. అంటే మందులో నిప్పేమీ లేదు, మన ఒంటి వేడే మనల్ని కాలుస్తున్నట్టు నరం పొరపడుతోంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

'జలుబుకు ఒక మూత బ్రాందీ' అనే మాట ఇంకా వింటూనే ఉన్నాం, చంటిపిల్లలకు కూడా పట్టించేవాళ్లున్నారు. అది ఒంటిని వేడి చేయదు. చర్మం కింది రక్తనాళాలు వెడల్పై, లోపలి వేడి బయటికి పోతుంది. పిల్లలకైతే విషమే.

ఇక మన పని సులువు. ఆ తలుపు తీయడానికి ఆల్కహాలే అక్కర్లేదు. మిరియాల్లోని పైపెరిన్ తీస్తుంది. అల్లంలోని జింజెరాల్ తీస్తుంది. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు జింజెరాల్ ఒక నీటి అణువును వదిలేసి షోగాల్‌గా మారుతుంది. అది ఇంకా ఘాటు. అల్లం కంటే శొంఠి ఎందుకు చుర్రుమంటుందో మా అమ్మమ్మకు తెలియదు గానీ, చిటికెడు చాలని మాత్రం తెలుసు. బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు: శ్రీరామనవమి పందిట్లో పంచే పానకం కన్నా పద్ధతైన మాక్‌టెయిల్ నాకు ఎక్కడా కనపళ్లేదు.

ఇందులో ఒక చిక్కుంది. పైపెరిన్ నీళ్లలో దాదాపు కరగదు, లీటరుకు 40 మిల్లీగ్రాములే. ఆల్కహాల్‌లో అయితే హాయిగా కరుగుతుంది. అందుకే పానకంలో పొడి అడుగుకు చేరుతుంది. పై గుక్కలు చప్పగా ఉంటాయి, ఆఖరి గుక్కకు దగ్గొస్తుంది. పానకంలో పుడక సంగతి దేవుడెరుగు, అడుగున మిరియమే అసలు తంటా. ఇంట్లో చేసేటప్పుడు దంచిన మిరియాలూ శొంఠీ బెల్లం పాకంలో వేసి అయిదు నిమిషాలు మరిగించి వడకట్టండి. ఘాటు గ్లాసంతా సమంగా ఉంటుంది.

నిమ్మకాయ మనకు కొదవా? పొదలకూరు మార్కెట్ నుంచి లారీలకు లారీలు బయటికి పోతుంటాయి. కానీ నిమ్మరసం పులుపు కోసమే అనుకోకండి. ఆమ్లంలోని ప్రోటాన్లు కూడా ఇదే తలుపును వదులు చేస్తాయి. కాబట్టి నిమ్మరసం పడగానే అదే శొంఠి రెండింతలు మండినట్టుంటుంది. పైన సోడా పోస్తే ఇంకో మంట. అది బుడగలు గుచ్చుకోవడం వల్ల కాదు. నోట్లోని ఒక ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చడం వల్ల. కొండలెక్కేవాళ్లు ఎత్తులో జబ్బు పడకుండా ఎసిటజోలమైడ్ మాత్ర వేసుకుంటే ఆ ఎంజైమ్ ఆగిపోయి, బీరు చప్పగా అనిపిస్తుంది. బుడగలు మాత్రం బుడగల్లాగే ఉంటాయి.

పుదీనాది ఎదురు లెక్క. అందులోని మెంథాల్ చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే ఇంకో తలుపు గడియను వదులు చేస్తుంది, మామూలు నీళ్లే చల్లగా తోస్తాయి.

సారా వద్దని 1992లో దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డ నెల్లూరు జిల్లా మనది. ఆ మరుసటేడు అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. అలాంటి చోట పెళ్లిళ్లలో నీలం రంగు నీళ్లు పోయడం నాకు చిన్నతనంగా ఉంది.

మొన్న ఆదివారం బావమరిది ఇంటికొస్తే పాకం, నిమ్మరసం, సోడా కలిపి గ్లాసు నిండా ఐస్ వేసి ఇచ్చాను. "బాగుంది గానీ, ఘాటేదీ?" అన్నాడు. తప్పు నాదే. ఐసు నోటిని చల్లబరిచింది, వదులైన తలుపు కూడా తెరుచుకోలేదు. ఏమీ చెప్పకుండా కబుర్లలో పెట్టాను. పది నిమిషాలకు ఐస్ కరిగింది, ఆయన మళ్లీ ఒక గుక్క తాగి గొంతు పట్టుకుని, "ఇందులో ఏం కలిపావు బావా?" అన్నాడు. మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాను.